వెనక్కి జరిగే కుర్చీ

బహ్రెయిన్‌లో గలాలీ పేట సందుల్లోంచి బయటపడేసరికి స్కూలు బస్సు సగం నిండింది. సత్యకుమారి సీటు కమ్మీకి భుజం ఆనించి, వంగి చిన్నారి మరియమ్ బూటు లేసు ముడివేస్తోంది. పెదవులు మాత్రం వేరే పనిలో ఉన్నాయి. ఏది మునుగుతుంది, ఏది తేలుతుంది, ఎందుకు... ఇంగ్లీషులో, చప్పుడు లేకుండా.

డ్రైవరు నర్సింగ్ అద్దంలో చూశాడు.

"అక్కా, ఏం మంత్రాలు సదువుతున్నవ్? బస్సుకు దయ్యం గియ్యం పట్టిందా?"

"పాఠం నర్సింగూ. ఇయ్యాళేగా నా పరీక్ష."

"అయితే సదువు, సదువు. బ్రేకు గూడ మెల్లగ కొడత."

ఆమె పిల్లలను లెక్క చూసుకుంటూ వెనక వరస దాకా వెళ్ళింది. అక్కడ ఇద్దరు కూర్చోవలసిన చోట పెద్ద సూట్‌కేసు నిలబెట్టి ఉంది. విమానాశ్రయంలో తొందరగా గుర్తుపట్టడానికి కాబోలు, దాని పిడికి ఎర్ర రిబ్బను కట్టారు.

"ఈ సామానెవరిదయ్యా? పిల్లలు కూచునే చోట పెట్టేవు!"

"ఎవరిదో. దించేస్త తియ్," అని నర్సింగ్ రోడ్డు వైపు తిరిగిపోయాడు.

ఒక మాట అడిగితే పది చెప్పే మనిషి అతను. జగిత్యాల పక్క ఊరి కబుర్లన్నీ ఆమెకు అతని నోటనే తెలుసు. ఈ రోజు ఆ ఒక్క ముక్కతో ఎందుకు సరిపెట్టాడో ఆలోచించే తీరిక సత్యకుమారికి లేదు. ఇద్దరు పిల్లలను సర్ది తన సీటులో కూర్చోబెట్టి, తను నిలబడింది. బస్సు సముద్రం మీది వంతెన ఎక్కింది. నీళ్ళు అప్పటికే తెల్లగా మండుతున్నాయి.

నలభైకి దగ్గరపడిన మనిషి. పొట్టిగా, చామనఛాయగా, గట్టిగా ఉంటుంది. ఎప్పుడూ నూలు పంజాబీ డ్రెస్సు, తెల్ల కాన్వాసు బూట్లు. మోకాళ్ళ మీద చర్మం కాయకాచి బూడిదరంగుకు తిరిగింది. మహూజ్‌లో ఒక ఇంట్లో గచ్చు తుడిచిన ఏళ్ళు, ఆ తర్వాత ఉమ్మ్ అల్ హస్సామ్‌లోని ఈ స్కూల్లో ఆయాగా తుడిచిన ఏళ్ళు ఆ రెండు మచ్చల్లో ఉన్నాయి. నడుముకు ఎడమవైపు, చున్నీ ముడి కింద, పసుపుపచ్చ తుడుపుగుడ్డ ఒకటి దోపి ఉంటుంది. ఏది ఒలికినా ఆమె కళ్ళకన్నా ముందు చెయ్యి అక్కడికి పోతుంది.

అంతర్వేది దగ్గర, రొయ్యలు ఒలిచే షెడ్డు పక్కన పెరిగింది. షెడ్డు గోడ మీద బొగ్గుతో అక్షరాలు రాసి, ఒలిచేవాళ్ళ పిల్లల్ని వరసగా కూర్చోబెట్టి, కొబ్బరి ఈనె ఊపుతూ టీచరమ్మ ఆట ఆడేది. పెద్దయ్యాక డిగ్రీ ప్రైవేటుగా కట్టి పూర్తిచేసింది. భీమవరంలో బి.ఎడ్. సీటు వచ్చింది, కాలేజీకి నెలరోజులు వెళ్ళింది కూడా. అంతలో పెళ్ళి కుదిరింది. చదువు ఆగిపోయింది, పెళ్ళీ ఎంతోకాలం నిలవలేదు. పిల్లలు లేరు. అప్పుడు బహ్రెయిన్ వీసా దొరికింది. మనిషి వచ్చేసింది గానీ, ఆ ఈనె పట్టుకున్న చెయ్యి మాత్రం ఇప్పటికీ నిద్రలో కదులుతుందని తనతో ఒకే గదిలో ఉండే బేబి అంటుంది.

బేబి ఇళ్ళలో పనిచేస్తుంది. పొద్దున సత్యకుమారి అద్దం ముందు నిలబడి పాఠం చెప్పుకుంటుంటే, మంచం మీంచే అంది:

"అద్దంలో మనిషికి బాగానే చెప్తున్నావే కుమారీ. ఆవిడ పాసైపోయింది. ఇక నువ్వే మిగిలేవు."

ఆ మాటకు ఇద్దరూ నవ్వుకున్నారు. సత్యకుమారి నవ్వు ముందుగా ఆగిపోయింది.

స్కూలువాళ్ళు కిందటి ఏడాది కొత్త దారి ఒకటి తెరిచారు. బి.ఎడ్. లేకపోయినా, డిగ్రీ ఉన్నవాళ్ళు అనుభవమున్న టీచరు గదిలో ఏడాదిపాటు శిక్షణకు ఉండవచ్చు. మొదట చూడాలి, తర్వాత కాసేపు చెప్పాలి, తర్వాత పూర్తి పాఠం చెప్పాలి. మధ్యలో ఒకసారి, చివర ఒకసారి బయటి నుంచి పరీక్షకురాలు వచ్చి కూర్చుంటుంది. నెగ్గితే టీచరు పత్రం, సొంత గది. రెండుసార్లూ తప్పితే మళ్ళీ ఆ దారి మూసుకుపోతుంది. ఆయా పని ఎటూ ఉంటుంది.

ఆమె బస్సు డ్యూటీ, తుడిచే డ్యూటీ మానకుండానే ఆ దారిలో అడుగుపెట్టింది. ఒకసారి తప్పింది. ఇది రెండోసారి.

నేర్పే టీచరుగా కళ దొరికింది. జగిత్యాల వైపు మనిషి. భారీ విగ్రహం, ముగ్గుబుట్టలాంటి ముడి, మెడలో దారానికి వేలాడే కళ్ళద్దాలు. ఈ స్కూలు పెట్టిన కొత్తలో చేరింది. భర్త పరమేశ్ కంపెనీలో ఫోర్‌మన్‌గా చేసి, వయసైపోయి, ముందే ఊరికి వెళ్ళిపోయాడు. ఆమె కూడా సెలవులిచ్చాక వెళ్ళిపోతానని అందరికీ చెబుతోంది.

పెద్ద కుర్చీలో కళ ఎప్పుడూ కూర్చోదు. పిల్లల నీలం ప్లాస్టిక్ కుర్చీ ఒకటి లాక్కుని, మోకాళ్ళు గడ్డానికి తగిలేలా అందులో ఒదిగిపోతుంది. "పిల్లల ఎత్తుల కూసుంటేనే నీ రాత ఎంత వంకరున్నదో ఎరుకైతది," అనేది. ఆ కుర్చీతోనే ఆమె నేర్పింది. ఏడాది మొదట్లో అది బోర్డును ఆనుకుని ఉండేది. సత్యకుమారి మాట తడబడితే కళ అక్కడి నుంచే అందుకునేది. చలి మొదలయ్యేసరికి కుర్చీ గది మధ్యకు జరిగింది. ఇప్పుడు తడబడితే దగ్గు మాత్రమే వినిపించేది. రంజాన్ నెలలో వెనక గోడకు చేరింది. దగ్గు కూడా ఆగిపోయింది. కళ్ళు మాత్రం మిగిలాయి. సత్యకుమారి ప్రతి వాక్యం చివరా ఆ కళ్ళ వైపు చూసేది. సరిగ్గా ఉందా అండి? ఆయ్, సరిగ్గానే ఉందేమో!

మొదటి పరీక్ష నాడు రంగుల పాఠం. ఎవరిదో రంగునీళ్ళ గిన్నె బోర్లాపడింది. అంతే. చెయ్యి నడుముకు పోయింది, మోకాళ్ళు వంగాయి. బల్ల కింద దూరి, అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు, మెరిసేదాకా తుడిచింది. తల ఎత్తేసరికి గదిలో సంత. ఒకడు కిటికీ ఎక్కాడు. ఇద్దరు జుట్టు పట్టుకున్నారు. పరీక్షకురాలు రాసింది రెండే మాటలు: పాఠం మధ్యలో టీచరు మాయమైంది. కనబడినంతసేపూ వెనక కుర్చీకే పాఠం చెప్పింది.

ఆ సాయంత్రం కళ ఆమెను స్కూలు పక్క చాయ్ దుకాణానికి లాక్కుపోయింది.

"ఏడ్వకు. నువ్వు ఏడ్సుకుంట కూసుంటే కరక్ చాయ్ సల్లారుతది."

"నా వల్ల కాదండి. గచ్చు మీద నీళ్ళు కనబడితే చెయ్యి ఆగదండి. ఆయ్, మోకాళ్ళు వాటంతటవే వంగిపోతాయండి."

"ఆయ్ ఆయ్ అనకు, దెబ్బ తాకినోళ్ళ లెక్క. మందంత మనల్నే చూస్తున్నరు." కళ చాయ్ గ్లాసు ఆమె చేతిలో పెట్టింది. "తుడుసుడు తప్పని ఎవరన్నరే? నువ్వు బల్ల కిందికి పోతే పిల్లలు ఎవల ముఖం చూడాలె? గోడ ముఖమా?" చెయ్యి చాపింది. "ఆ గుడ్డ ఇటియ్యి."

మర్నాటి నుంచి అదొక ఆనవాయితీ అయింది. పాఠం మొదలయ్యే ముందు సత్యకుమారి నడుము నుంచి గుడ్డ తీసి కళ చేతిలో పెట్టేది. పాఠమయ్యేదాకా అది కళ ఒళ్ళో ఉండేది. గంట కొట్టాక తిరిగి ఇచ్చేది. కొన్నాళ్ళు నడుము దగ్గర చల్లగా, ఏదో జారిపోయినట్టు ఉండేది ఆమెకు.

బస్సు స్కూలు ముందు, నీడ కోసం కట్టిన వల కింద ఆగింది. పిల్లల్ని వరస కట్టించి లోపలికి తీసుకెళ్ళేసరికి కళ గది గుమ్మంలో నిలబడి ఉంది. తలంటుకుని కొబ్బరినూనె రాసిన జుట్టు, నెమలికంఠం రంగు పట్టుచీర, చేతి మీద మడత పెట్టిన స్వెట్టరు.

"పరీక్ష నాదా మీదాండి, పట్టుచీర కట్టేరు?"

"నీ పరీక్షంటే నాది గాదా?"

"మరి ఈ ఎండల్లో స్వెట్టరేంటండి?"

"ఏసీ పడతలేదు నాకు. నా సంగతి పెట్టు. టబ్బుల నీళ్ళు పోసినవా? నారింజ పండు తెచ్చినవా?"

"తెచ్చేనండి. పిల్లలు తినకుండా దాచేను."

కళ నవ్వింది. చెయ్యి చాపింది. గుడ్డ అందుకుని వెంటనే ఒళ్ళో పెట్టుకోలేదు. దాని మడత విప్పి, సత్యకుమారి చెంప మీద అంటిన మార్కర్ మరక తుడిచింది. మెల్లగా, ఒక్కసారికి పోకపోతే మళ్ళీ ఇంకోసారి. ఎన్నేళ్ళుగానో ఊరంతా తుడిచిన గుడ్డ తన ముఖాన్ని తాకడం అదే మొదటిసారి.

"ఒక్క మాట," అంది కళ. "బెల్లు కొట్టేదాక ఎనుకకు మర్రి చూడొద్దు. ఏమన్న గానీ. ఒట్టు పెట్టు."

"ఒట్టండి."

"నా మీద గాదు. పిల్లల మీద పెట్టు."

పెట్టింది. కళ నీలం కుర్చీని ఈసారి వెనక గోడ నుంచి కూడా జరిపి, తలుపు పక్కకు, బోర్డు గోడ చివర, సత్యకుమారి మెడ తిప్పితే తప్ప కనబడని, ఇక జరగడానికి చోటులేని మూలకు లాక్కుని కూర్చుంది.

పరీక్షకురాలు ఖలూద్ మేడమ్ నల్ల అబాయాలో వచ్చి కిటికీ దగ్గర కూర్చుంది. గదిలో సన్నగా ఊద్ అత్తరు వాసన వ్యాపించింది. పెన్ను మూత తీసి కాగితాలు ముందుకు జరుపుకుంది.

పాఠం మొదలైంది. నారింజ పండు పైకెత్తి చూపించింది.

"ఇది మునుగుతుందా, తేలుతుందా?"

"మునుగుతుంది!" అని సగం గది అరిచింది. "బరువుగా ఉంది కదా ఆంటీ!"

వేసింది. తేలింది. కేకలు. తాళంచెవి వేసింది. టంగుమని అడుక్కు పోయింది. ఖర్జూరపు గింజ, ప్లాస్టిక్ మూత, గలాలీ ఒడ్డున ఏరుకొచ్చిన ముత్యపుచిప్ప. తొక్క తీసిన నారింజ మునిగిపోయినప్పుడు గది నిశ్శబ్దమైపోయింది. ఆ నిశ్శబ్దమే ఆమెకు కావలసింది. ఎందుకు మునిగింది? తొక్కతో ఉన్నప్పుడు తేలింది కదా? జవాబు చెప్పేయడానికి నాలుక దురద పెట్టింది. ఆగింది. ఆగడం సరైనదో కాదో చూడ్డానికి మెడ దానంతటదే వెనక్కి తిరగబోయింది. ఒట్టు గుర్తొచ్చింది. చేతిలో మార్కర్ని గట్టిగా పిసుక్కుంది.

అప్పుడు జరిగింది.

యూసుఫ్ అడుగున పడ్డ తాళంచెవి కోసం టబ్బు అంచు మీద బోర్లా వాలాడు. టబ్బు వంగింది. నీళ్ళు ఒక్కసారిగా బల్ల మీంచి గచ్చు మీదకు దూకాయి. మొదట చిన్న మడుగు. తర్వాత నాలుకలా సాగి బల్లల కిందికి. యూసుఫ్ మొహం ఎర్రబడింది. పెదవి వణికింది. ఇక ఏడుపే తరువాయి.

సత్యకుమారి ఎడమ చెయ్యి నడుముకు పోయింది. అక్కడ ఏమీ లేదు.

మోకాళ్ళు వంగడం మొదలుపెట్టాయి. ఆమెకు తెలుస్తూనే ఉంది. ఎవరో కింది నుంచి లాగుతున్నట్టు, ఏళ్ళ తరబడి పట్టిన ఆ లాగుడు. ఇంకో క్షణంలో బల్ల కింద ఉంటుంది. వీపును బోర్డుకు అదిమిపెట్టింది. బోర్డు కింద మార్కర్లు పెట్టే అల్యూమినియం అంచు వెన్నులో గుచ్చుకుంది. ఆ నొప్పిని పట్టుకుని నిలబడింది.

"ఎవ్వరూ కదలొద్దు," అంది. గొంతు ఆమెదిలా లేదు. "చూడండి. నీళ్ళు ఎటు వెళ్తున్నాయి?"

యూసుఫ్ మీంచి కళ్ళన్నీ నీళ్ళ మీదకు తిరిగాయి.

"తలుపు వైపు!" అంది మరియమ్.

"అటే ఎందుకు? ఇటు ఎందుకు రావు?"

"అటు పల్లంగా ఉంది!"

"అయితే తలుపు దాటకముందే ఆపాలి. ఏం అడ్డం పెడదాం? యూసుఫ్, నువ్వు చెప్పు."

యూసుఫ్ ఏడవడం మర్చిపోయాడు. కళ్ళు చికిలించి నీళ్ళను చూశాడు. స్కేలు అడ్డం పెట్టాడు. కింది నుంచి కారింది. ఎవరో అట్టముక్క పెట్టారు. అది నానిపోయింది. అప్పుడు వాడు కూర్చుని, తన రెండు సాక్సులూ ఊడదీసి, నీళ్ళ ముందు వరసగా పరిచాడు. సాక్సులు నీళ్ళు తాగాయి. ఉబ్బాయి. నీళ్ళు ఆగాయి. గదంతా అరుపులు. ఇక ఎవరూ చెప్పనక్కర్లేకుండానే ఒకరు టిష్యూలు, ఒకరు ఆటల తువ్వాలు, ఇంకొకరు చొక్కా చెరుగు. కొన్ని గుడ్డలు నీళ్ళు తాగుతాయి, ప్లాస్టిక్ తాగదు, అని వాళ్ళే చెప్పుకుంటున్నారు. సత్యకుమారి నిలబడే అడుగుతోంది, నిలబడే వింటోంది.

ఆ గోలలో తలుపు కిర్రుమన్నట్టు వినిపించింది. తడి చూసి ఎవరైనా ఆయా వచ్చి ఉంటుంది అనుకుంది. తిరగలేదు. కొబ్బరినూనె వాసన ఒకటి ఊద్‌ను దాటుకుని వచ్చినట్టయింది. అప్పుడూ తిరగలేదు. తొక్కలో గాలి ఉండబట్టే నారింజ తేలిందని ఎవరో చివర బల్ల నుంచి చెబుతున్నారు. ఆ బిడ్డ మొహంలోంచి కళ్ళు తిప్పబుద్ధి కాలేదు.

గంట కొట్టింది.

ఇక తిరగవచ్చు. నవ్వుతూ తిరిగింది. చూశారాండి, వంగలేదండి! అనబోయింది.

నీలం కుర్చీ ఖాళీగా ఉంది. దానిలో పసుపు గుడ్డ మడతపెట్టి ఉంది.

బాత్రూముకు వెళ్ళి ఉంటుందనుకుంది. తర్వాత స్వెట్టరు గుర్తొచ్చింది. పట్టుచీర గుర్తొచ్చింది. ఎర్ర రిబ్బను కట్టిన సూట్‌కేసు గుర్తొచ్చింది. కిటికీ దగ్గరకు పరుగెత్తింది. నీడవల కింద బస్సు లేదు. దాని నూనె మరక మాత్రం గచ్చు మీద ఉంది.

ఖలూద్ మేడమ్ కాగితాలు సర్దుకుంటూ లేచింది.

"మీ టీచరు చాలాసేపు తలుపు దగ్గరే నిలబడ్డారు," అంది. "మిమ్మల్ని పిలవనా అని సైగ చేశాను. వద్దన్నారు. మీరు ఒక్కసారి తిరిగితే బాగుండుననిపించింది నాకు." పెన్ను మూత పెట్టింది. "తిరగనందుకే రాయవలసింది రాశాను కూడా. ఫలితం ఆఫీసువాళ్ళు చెబుతారు, నేను చెప్పకూడదు. కానీ ఆ కిటికీ తెర మార్పించుకోండి టీచర్. సెలవుల తర్వాత పిల్లల కళ్ళలో ఎండ పడుతుంది."

టీచర్. ఆ మాట కోసం ఎన్నేళ్ళు చెవులప్పగించి ఉందో. తీరా వచ్చేసరికి, అది ఎవరికి చెప్పాలో ఆ మనిషే గదిలో లేదు. సత్యకుమారి తల ఊపింది. కళకు ఫోను చేసింది. స్విచాఫ్.

ఆ పూట మిగతా పాఠాలు ఆమే చెప్పింది. ఎవరో ఒకరు చెప్పాలి కదా. నీలం కుర్చీని ఎవరూ ముట్టుకోలేదు. తను కూడా.

మధ్యాహ్నం పిల్లల్ని వరస కట్టించి గది తాళం వేసి వచ్చేసరికి బస్సు మళ్ళీ వల కింద ఉంది. వెనక వరస ఖాళీ. నర్సింగ్ స్టీరింగు మీద చేతులు పెట్టుకుని ఎటో చూస్తున్నాడు.

"నీకు ముందే తెలుసు," అంది సత్యకుమారి.

"చెప్పొద్దన్నది అక్కా. చెప్తె నువ్వు పాఠం ఇడిసి ఏడుసుకుంట కూసుంటవన్నది. టికెటు ఈ పూటకే దొరికిందట. పరమేశ్ బావకు పానం బాగ లేదట."

"ఏమైనా అందా?"

"ఎక్వ ఏమనలే. ఎయిర్‌పోర్టుల సామాన్ దించిన. కళక్కా, ఒక్కపాలి చెయ్యన్న ఊపు అని మొత్తుకున్న. లోపటికి పోయేదాక ఎనుకకు మర్రి చూడలే." అతను ఇంజను స్టార్టు చేశాడు. "మర్రి చూడనని కుమారి ఒట్టు పెట్టిందిరా, నేనెట్ల చూస్త అన్నది."

బస్సు వంతెన మీదకు వచ్చింది. ఎండకు సముద్రం రంగు పోయింది. గలాలీ దగ్గరపడుతుండగా విమానం ఒకటి బస్సు మీదుగా, చక్రాలు కనబడేంత కిందుగా లేచింది. అదేనో, ఇంకేదో. పిల్లలంతా ఒక పక్కకు ఒరిగారు. సాక్సుల్లేని కాళ్ళు ఊపుకుంటూ యూసుఫ్ అద్దానికి ముక్కు ఆనించాడు.

"టీచర్," అన్నాడు, తల తిప్పకుండానే. "అది నారింజకన్నా చాలా బరువు కదా. మరి పైనే ఎలా ఉంటుంది? మునగదా?"

నర్సింగ్ అద్దంలో ఆమెను చూశాడు. సత్యకుమారి కమ్మీ పట్టుకుని, ఆ విమానం చిన్నదై, ఎండలో కరిగిపోయేదాకా చూసింది.

"నాకూ సరిగ్గా తెలీదు," అంది. "రేపు చూద్దాం."

కళ్ళు తుడుచుకోవడానికి చెయ్యి అలవాటుగా నడుముకు పోయింది. అక్కడ ఏమీ లేదు.

తాళం వేసిన గదిలో, తలుపు పక్క నీలం కుర్చీలో, చిరిగిన అంచుల వెంట కళ ఎప్పుడు కుట్టిందో తెలియని ఎర్రదారపు కుట్లతో, ఆ పసుపు గుడ్డ నాలుగు మడతల మీద, పొడిగా ఉంది.